గేజి రాయి దాకా పరుగు

ఆ రోజుల్లో నాకు రెండు గర్వాలుండేవి. ఒకటి, ఏ రోజు డైరీ ఆ రోజే రాస్తానని. రెండోది, హిందీ వచ్చని. మొదటిది ఇప్పటికీ ఉంది. రెండోది ఏ వేళ, ఎవరి వెనక పరుగులో పోయిందో డైరీలోనే ఉంది కాబట్టి ఇక దాచి లాభం లేదు.

మాచర్ల అవతల కాలువ మీద నీటిమట్టం రాసే పని నాకు కొత్తగా దొరికింది. రేవులో నీళ్లలోకి దిగిన గేజి రాయి ఒకటుండేది. దాని మీది అంకె చూసి రోజూ ఉదయం ఆరింటికి రిజిస్టరులో ఎక్కించాలి. (ఇంతేనా ఉద్యోగం అంటే మా ఇంజనీరుగారు ఒప్పుకునేవారు కాదు.) "ఒక్క గడి ఖాళీగా కనపడ్డా మధ్యాహ్నం బస్సుకే మీ ఊరు పోవచ్చు నువ్వు" అని చేరిన రోజే చెప్పారు. వెల్దుర్తిలో మా నాన్న అప్పటికే "మావాడు గవర్నమెంటు" అని పదిమందికి చెప్పేశాడు. ఆ బస్సెక్కే ధైర్యం నాకు లేదు.

అలా ఉండగా గట్టు పక్క బీడులో మిలిటరీ క్యాంపు దిగింది. ఒక సాయంత్రం రేవు చుట్టూ ముళ్లకంచె వేసి, హిందీలోనూ ఇంగ్లీషులోనూ బోర్డు పెట్టారు. గేజి రాయి కంచె లోపల, నేను బయట. ఊరివాళ్ల కష్టం ఇంకా పెద్దది. బట్టలు, స్నానాలు, గేదెలు అన్నీ ఆ రేవులోనే. నేను అద్దెకుండే ఇంటి పెద్దమ్మ నేరుగా నా గదికొచ్చింది. "ఏంది అబ్బాయా, హిందీ రెండు పరీచ్చలు పాసయ్యానంటివే. రేపు నాతో వచ్చి వాళ్లతో మాట్లాడు. నీళ్లు లేక గేదెలు చానా అల్లాడతన్నయ్" అంది. నేను కాలరు సర్దుకొని, "దానిదేముంది పెద్దమ్మా" అన్నాను.

మర్నాడు ఆరింటికి ఐదు నిమిషాల ముందు నేను, పెద్దమ్మ, ఒక గేదె (రెండోది రానని మొండికేసింది) కంచె గేటు దగ్గరకు చేరాం. గేటు బార్లా తీసి ఉంది. పక్కన ఉత్తరాది జవాను తుపాకీతో నిలబడ్డాడు. నేను గొంతు సవరించుకునే లోపే "రుకో" అని అరిచాడు. అంటే ఆగమని. పుస్తకంలో కింద గీత గీసి మరీ చదివాను. కానీ పెద్దమ్మ చెవికి అది మన "ఉరుకో" లాగే వినపడింది. "ఉరకమంటన్నాడురా, ఆయన మనసు మారకముందే ఉరుకు" అని గేదె వీపు మీద ఒక్కటిచ్చింది. గేదె ఉరికింది, పెద్దమ్మ ఉరికింది, నేనూ ఉరికాను. నా బుర్ర హిందీ చదివింది గానీ కాళ్లు తెలుగులోనే విన్నాయి. జవాను "రుకో, రుకో" అంటూ వెంటబడ్డాడు. "ఇంకా గట్టిగా ఉరకాలంట" అని పెద్దమ్మ చీర ఎగ్గట్టి గేదెను దాటేసింది. ముగ్గురం నీళ్లలోకి వెళ్లి ఆగాం. ఎదురుగా గేజి రాయి. నాలుగడుగుల రెండంగుళాలు. చేతులెత్తమని జవాను సైగ చేశాడు. ఒక చెయ్యి ఎత్తి, చంకలోని రిజిస్టరు గేదె వీపు మీద పెట్టి, రెండో చేత్తో ఆ అంకె వేసుకున్నాకే దాన్నీ ఎత్తాను.

మమ్మల్ని ఆఫీసరు ముందు నిలబెట్టారు. ఆయన హిందీలో ఏదో గట్టిగా అడిగాడు. నాకు పాఠాలన్నీ ఎగిరిపోయి ఒక్క వాక్యం మిగిలింది. గేదెను చూపించి "గాయ్ హమే దూధ్ దేతీ హై" అన్నాను. (ఆవు మనకు పాలిస్తుందని. గేదెను హిందీలో ఏమంటారో ఇంటికి రాగానే గుర్తొచ్చింది.) పెద్దమ్మ నన్ను పక్కకు నెట్టి, "మాదేం తప్పు లేదు నాయనా. మీవోడే ఉరకమన్నాడు. అన్నిసార్లు చెప్పించుకోటం మర్యాద కాదని ఉరికాం" అంది. అక్కడికి టీ తెస్తున్న జవాను మన పక్క నూజెండ్లవాడు. నవ్వాపుకోలేక కప్పు కింద పెట్టి, రుకోకూ ఉరుకోకూ తేడా ఆఫీసరుకు విడమరిచాడు. ఆయన మొదట పెదవులు బిగించాడు, తర్వాత నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. చివరకు రోజూ ఉదయం గంటసేపు రేవు ఊరికి వదలాలనీ, కాపలావాళ్లు 'ఆగు' అనే మాట నేర్చుకోవాలనీ తేల్చాడు. నేర్పే పని, హిందీ వచ్చినవాణ్ణి కాబట్టి, నాకే పడింది. రిజిస్టరులో గడి ఖాళీ పడలేదు. నేను బస్సెక్కలేదు.

ఆనాటి డైరీలో ఒకటే వాక్యం: "ఉదయం ఆరు, పెద్దమ్మ ముందు, గేదె వెనక, నేను ఆఖరు." మొన్న అటు వెళితే ఆ రేవుకు మళ్లీ కంచె, మళ్లీ కాపలా. బోర్డు ఈసారి తెలుగులో కూడా ఉంది. చదువుదామని దగ్గరకు పోతుంటే ఉత్తరాది కుర్రాడు "రుకో" అన్నాడు. ఠక్కున ఆగిపోయాను. ఇన్నేళ్లకు నా కాళ్లకూ హిందీ వచ్చింది. మోకాళ్లు నేర్పాయి.