ఎవరిదండీ ఈ బొమ్మ?

బుధవారం ఉదయం పిల్లలను ప్రార్థనకు వరసలో నిలబెడుతుండగా ఆయా వచ్చి నా చెవిలో చెప్పింది, పెద్ద టీచరుగారు తెల్లవారుజామున నిద్రలోనే పోయారట. పిల్లలు చేతులు జోడించి, పాట ఎప్పుడు మొదలుపెడతానా అని నా మొహంలోకి చూస్తున్నారు. మొదలుపెట్టాను. ఆవిడైనా అదే చేసేవారు.

అమలాపురం దగ్గర ఒక చిన్న బడిలో మూడు నాలుగేళ్ళ పిల్లల తరగతిని ఆవిడ చాలా ఏళ్ళు నడిపారు. నేను ఆవిడ దగ్గరే పని నేర్చుకున్నాను. ఆవిడ పిల్లలను కూడా ‘అండీ’ అనే పిలిచేవారు. ముక్కు కారుతున్న పిల్లాణ్ణి, ఇలా రండి తుడుచుకుందాం అంటుంటే మొదట్లో నాకు నవ్వొచ్చేది. కొన్నాళ్ళకు నా నోటికీ అదే అలవాటైంది.

ఒక ఏడాది మురమళ్ళ వైపు నుంచి మా తరగతికి ఒక పాప వచ్చింది. తండ్రికి రొయ్యల చెరువుల మీద పని. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్ల బడిలో అడుగుపెట్టగానే పెదవి కదిపేది కాదు. దాహమేసినా అడిగేది కాదు. వానలు తగ్గుముఖం పట్టినా అంతే. ఈ ఏడాదికి ఇంట్లోనే ఉంచుకోమని బడివాళ్ళు తల్లితో అనేశారు. ఆమె గేటు పక్కన కళ్ళు తుడుచుకుంటుంటే పెద్ద టీచరుగారు వెళ్ళి, దసరా సెలవుల దాకా పిల్లను పంపుతూనే ఉండమని, బడివాళ్ళకు తాను నచ్చజెబుతానని అన్నారు.

ఆ రోజుల్లోనే బడివాళ్ళు తరగతికి ఒక ఆట కొనుక్కోమన్నారు. ఇద్దరం గడియారస్తంభం దగ్గరి బొమ్మల కొట్టుకు వెళ్ళాం. మీట నొక్కితే దీపం వెలిగి, బొమ్మ పేరు పలికే పలక ఒకటి నాకు తెగ నచ్చింది. ఆవిడ కాసేపు నొక్కి చూసి పక్కన పెట్టేశారు.

“అన్నీ ఇదే చెప్పేస్తుందమ్మా. ఇంక పిల్లలు చెప్పడానికేం మిగిలింది?”

పాచికలు వేసి గడులు లెక్కపెట్టే ఆట వద్దన్నారు. బోర్లించిన ముక్కల్లో ఏది ఎక్కడుందో గుర్తుపెట్టుకునే ఆటకు మనవాళ్ళు ఇంకాస్త ఎదగాలన్నారు. ఆఖరికి ఓ మామూలు పెట్టె తెరిపించారు. ఒక్కొక్కరి ముందు ఒక అట్ట, దాని మీద కొన్ని బొమ్మలు. విడిగా అవే బొమ్మలున్న బిళ్ళలు. ఒక్కో బిళ్ళ తీసి చూపిస్తే, ఆ బొమ్మ ఎవరి అట్ట మీదుందో వాళ్ళు తీసుకుని జతచేసుకోవాలి. గెలవడం, ఓడడం లేదు. ఆవిడ బిళ్ళను వంచి చూశారు. తడివేలితో రుద్ది రంగు అంటుతుందేమో చూశారు. మింగడానికి వీల్లేనంత పెద్దదే అని స్థిమితపడ్డారు. ఇది మరీ చిన్నపిల్లలదండి అని కొట్టాయన అంటే, “ఆయ్, మావాళ్ళు మరీ చిన్నపిల్లలేనండి” అన్నారు.

బొమ్మల్లో ఒక మంచుమనిషి ఉన్నాడు. మా పిల్లలు వాడికి పిండితాత అని పేరు పెట్టారు. నేను సరిచెయ్యబోతే ఆవిడ ఆపారు. మనూళ్ళో ఆయన పేరు అదేనమ్మా అన్నారు.

రోజూ చాప మీద కూర్చుని బిళ్ళ ఎత్తి, “ఎవరిదండీ ఈ బొమ్మ?” అనేవారు. పిల్లలు నాదంటే నాదని అరిచేవారు. ఆ పాప మాత్రం తన బొమ్మ వస్తే వేలు చూపించేది. ఆవిడ మారు మాట్లాడకుండా ఇచ్చేసేవారు. నోటితో చెబితేనే ఇద్దామండీ అని ఒకరోజు నేనే అన్నాను.

“అలా అడిగితే పరీక్షయిపోద్దమ్మా. ఆటలోనే ఉండనీ.”

సెలవులు దగ్గరపడుతున్నాయి. ఒక మధ్యాహ్నం పాప అట్ట మీదున్న గొడుగు బొమ్మ వచ్చింది. పక్కనున్న పిల్లాడు పొరపాటున దాన్ని తీసి తన అట్ట మీద పెట్టుకున్నాడు. పాప వాడి వంక చూసింది, టీచరుగారి వంక చూసింది. ఆవిడ కదల్లేదు. నేను నోరు తెరవబోతే కళ్ళతోనే వారించారు. అప్పుడు ఆ పిల్ల వంగి, బిళ్ళ మీద అరచెయ్యి పెట్టి, మెల్లగా అంది:

“నాదండి.”

“ఆయ్, మీదేనండి” అన్నారు ఆవిడ, రోజూ వినే మాటే అన్నట్టు. తర్వాతి బిళ్ళ ఎత్తారు. ఆట అయ్యాక కుళాయి దగ్గరికి వెళ్ళి చాలాసేపు మొహం కడుక్కున్నారు.

సెలవుల తర్వాత ఆ పాపను ఇంట్లో ఉంచమని ఎవరూ అనలేదు.

ఈ మధ్య ఒంట్లో బాగోక పెద్ద టీచరుగారు బడికి రావడం మానేశారు. చూడ్డానికి వెళితే మందుల సంగతి దాటవేసి, కొత్తగా చేరినవాళ్ళలో ఎవరు ఏడుస్తున్నారు, ఎవరు తినట్లేదు అని అడిగేవారు. ఈ తరగతిని నేను నడపగలననే ధైర్యం అక్కడ కూర్చున్నప్పుడే వచ్చింది.

బుధవారం బడి వదిలాక ఆవిడ ఇంటికి వెళ్ళాను. ఆ పాప కూడా తండ్రితో వచ్చింది. ఇప్పుడు రెండో తరగతి. పడుకోబెట్టిన టీచరుగారి వంక చూస్తూ, ఆవిడ తనకు జడ ఎలా వేసేవారో, పిండితాత ఎవరో తండ్రికి చెప్పుకుపోతోంది. అతను సిగ్గుపడి, ఇక్కడ మాట్లాడకూడదమ్మా అని మందలించాడు.

టీచరుగారి భర్త తలెత్తారు.

“మాట్లాడనివ్వండి బాబూ.”

పొద్దువాలుతుండగా వాళ్ళు బయల్దేరారు. తండ్రి నడుము పట్టుకుని వెనక కూర్చున్న ఆ పిల్ల అతని వీపుకేసి ఇంకా ఏదో చెబుతూనే ఉంది. మోటారుసైకిలు కాలవగట్టు మలుపు తిరిగేదాకా ఆ గొంతు నాకు వినపడింది.