మూడు పెట్టెలు ఝాన్సీకి

పోయిన వారం మా ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, పింఛను పడిందో లేదో సెల్‌ఫోన్‌లో ఎలా చూసుకోవాలో, గ్యాసు సిలిండరు ఎలా చెప్పుకోవాలో ఓపికగా నేర్పబోయారు. ఆ రహస్య అంకెలు కాగితం మీద రాసుకోకుండా నోటికి నేర్చుకోమన్నారు. ఇంకొకరైతే సంబరపడేవారేమో గానీ, నాకు భయం పట్టుకుంది. ఫోను పక్కన పడేసి, మొన్న ఆసుపత్రిలో డాక్టరు ఏం చెప్పాడో నిజం చెప్పమని పట్టుకున్నాను. చక్కెర కాస్త ఎక్కువైందన్నాడు, అంతే కదా అని ఆయన నవ్వారు. నమ్మాను గానీ, నమ్మడానికి సాయంత్రందాకా పట్టింది. ఈ మనిషి నాకు పనిగట్టుకుని ఏదైనా నేర్పుతున్నారంటే దాని వెనక ఇంకేదో ఉంటుందని పాతికేళ్ల కిందటే నాకు తెలిసివచ్చింది. మిలిటరీవాడిని చేసుకుని పల్లెలో అత్తగారింట ఉత్తరాల కోసం ఎదురుచూస్తూ బతికిన నా ఈడు ఆడవాళ్లకు ఆ సంగతి చెప్పుకోవాలనిపించింది.

నా పుట్టిల్లు పాకాల దగ్గర, మెట్టినిల్లు బంగారుపాళ్యం పక్కన ఒక పల్లె. మా మామకు మామిడి తోట ఉండేది. దాన్ని మా బావగారు చూసుకునేవారు. చిన్న కొడుకైన మా ఆయన సైన్యంలో హవల్దారు. పెళ్లయిన ఎనిమిదేళ్లలో ఆయనతో కలిసి ఉన్న రోజులన్నీ పోగేస్తే ఏడాదిన్నరకు మించవు. సెలవుకు వచ్చినప్పుడల్లా క్వార్టర్సు సంగతి అడిగేదాన్ని. వరుసలో పేరుంది, ఇంకా రాలేదు అనేవారు. చివరికి అడగడం మానేశాను. పెద్దది రెండో తరగతి, చిన్నవాడికి నాలుగేళ్లు. ఇక నా బతుకింతే, అత్త చేతికింద వండుకుంటూ కాయల కోతల కాలంలో కూలీలకు సంగటి కెలుకుతూ గడిచిపోతుందని తీర్మానించుకున్నాను.

అలాంటిది ఆ ఏడు తోతాపురి కాయలు గుజ్జు ఫ్యాక్టరీలకు తోలే రోజుల్లో, నెల సెలవు మీద వచ్చిన మనిషి భుజం మీద సంచి కిందికి దించకముందే, ఝాన్సీలో ఇల్లు దొరికింది, పిల్లలతో సహా అందరం పోతున్నాం అని చెప్పేశారు. నేను అడగందే, నేను వదిలేశాక, ఇప్పుడెందుకు దొరికింది? ఆ ప్రశ్న వెంటనే రాలేదు నాకు. మొదటి రోజంతా సంతోషంతోనే సరిపోయింది. ప్రశ్న ముందు మా అత్తకు వచ్చింది, జవాబు కూడా ఆమెకే తోచింది.

“నువ్వే రాసినావు గదా, వచ్చి పిల్సకపోమని? నోట్లో నాలుక లేనట్టు ఉండావు గానీ, కాయితం మీద బాగానే ఉండాదే నాలుక!” అన్నది పొయ్యి దగ్గర.

రాయలేదత్తా అని పిల్లల మీద ఒట్టు పెట్టబోతే, ఒట్లు వద్దని లేచిపోయింది. ఆ రోజు నుంచి నాతో మాటలు తగ్గించేసింది. నేను పెట్టెలో ఏం సర్దినా గుమ్మం దగ్గర నిలబడి చూసేది. ఇంట్లో వస్తువు ఏది కనపడకపోయినా చూపు ముందు నా మూటల మీదికే పోయేది. ఊరగాయ జాడీ కనపడలేదని ఒకరోజంతా వెతికి, అది అటక మీదే దొరికాక కూడా, ముఖంలో ఆ అనుమానం అలాగే ఉంచుకుంది.

ఆమెది ఒక అనుమానమైతే, నాది ఇంకొకటి. అది ఎప్పుడు మొదలైందంటే, సైకిలు దగ్గర. మామిడి తోటలో దున్నని గట్టు మీద, ముప్ఫై ఏళ్ల ఆడదాన్ని, చీర కుచ్చిళ్లు బొడ్లో దోపించి నాకు సైకిలు నేర్పడం మొదలుపెట్టారు. కాయలు కోసే కూలీలు పని ఆపి మరీ నవ్వారు. రెండుసార్లు పడ్డాను, మోచెయ్యి గీరుకుపోయింది. అక్కడ మీరుండగా నాకెందుకీ సైకిలంటే, కంటోన్మెంటులో ఆడవాళ్లందరూ తొక్కుతారు అన్నారు. సరేననుకున్నాను. తర్వాత హిందీ. ఒక నోటుపుస్తకంలో తెలుగు అక్షరాలతో హిందీ మాటలు రాసి, బియ్యం, కిరసనాయిలు, జ్వరం, ఆసుపత్రి, నాకు సాయం చేయండి అని ఒక్కొక్కటే పలికించారు. తర్వాత టెలిగ్రాం ఫారం నింపడం. చివరికి ఆయన ఆర్మీ నంబరు. అది ఎక్కం మాదిరి కళ్లు మూసుకుని అప్పజెప్పాలి. ఒక్క అంకె తప్పినా మళ్లీ మొదటినుంచి. పక్కన మొగుడున్న ఆడదానికి మొగుడి నంబరు ఎందుకు? అడిగితే ముఖం పక్కకు తిప్పుకుని, ఊరికే, తెలిసి ఉండటం మంచిది అన్నారు.

ఆయన పక్కకు తిరిగిన ఆ క్షణాన నా మనసులో ఏదో విరిగింది. అప్పటినుంచి ప్రతిదీ వేరుగా కనిపించసాగింది. రెండు రోజులకొకసారి చిత్తూరు బస్సెక్కి వెళ్లి ఎస్‌టీడీ బూతులో ఫోను మాట్లాడి వచ్చేవారు. ఎవరితోనంటే ఆఫీసు వాళ్లతో అనేవారు. ఒకసారి వెంట వెళ్లాను. అద్దం తలుపు వేసుకుని అటు తిరిగి హిందీలో మాట్లాడారు. నేను నేర్చుకున్న మాట ఒక్కటీ అందులో దొరకలేదు. తోటలో ఆయనా మామా గుసగుసగా మాట్లాడుకుంటూ, మజ్జిగ తీసుకుని నేను వెళ్లేసరికి కాయల ధరలోకి మాట మార్చేవారు. కుక్కరు కొనేటప్పుడు ఆయన చేయి చిన్నదాని మీదికే పోయింది. నలుగురికి చాలదంటే, “సాలుతుందిలే” అన్నారు. ఆ మనిషి ఒక్కరే ఇద్దరి తిండి తింటారు!

మా తోడికోడలు ఊరుకుంటుందా, పక్క ఊరి మిలిటరీ ఆయన ఒకడు అస్సాంలో ఇంకో సంసారం పెట్టుకుని పదేళ్లు దాచిన కథ చెప్పింది. చెప్పి, “మీ ఆయన అట్లాటోడు కాదులే” అని ముక్తాయించింది. అలా అనకపోయినా బాగుండేది. ఝాన్సీలో ఎవరో ఒకామె ఉంది, అందుకే ఈయన మాతో ఉండరు, రాత్రిళ్లు ఆ ఇంట్లో, పొద్దున మా ఇంట్లో, అందుకే చిన్న కుక్కరు, అందుకే నేను సొంతంగా తిరగడం నేర్చుకోవాలి అని నాకు నేనే మొత్తం కట్టుకున్నాను. ఒక మధ్యాహ్నం ఆయన పిల్లల్ని బావికి ఈతకు తీసుకెళ్తే, ఆయన సంచి విప్పి చొక్కా జేబులన్నీ వెతికాను. గడ్డం గీసుకునే సామాను, మందుబిళ్లలు, మా పెళ్లిఫోటో తప్ప ఏమీ లేవు. ఆ ఫోటో చూసి సిగ్గుపడాల్సింది పోయి, సంచి ఇంత శుభ్రంగా ఉందంటే అసలువి ఇంకెక్కడో దాచి ఉంటారనుకున్నాను. అనుమానం పట్టిన మనసు అలా ఉంటుంది.

ప్రయాణం వారం రోజులుందనగా పెద్దదాని టీసీలో పుట్టిన తేదీ తప్పుగా పడితే, దాన్ని సరిచేయించుకు రావడానికి నన్ను చిత్తూరు పంపారు. ఆ రోజు ఆయనకు లారీకి కాయలు ఎక్కించే పని ఉండి రాలేకపోయారు. పని ముగించుకుని, బజారులో పెట్టెల మీద పేర్లు రాసే పెయింటరు దగ్గర మా నల్ల ఇనప పెట్టెలు ఎంతవరకు వచ్చాయో చూసిపోదామని ఆగాను. ఆయన నాకు ఆ పని చెప్పలేదు. నేనే ఆగాను. పెట్టెలు నాలుగూ ఎండలో ఆరుతున్నాయి.

పెయింటరు నన్ను గుర్తుపట్టి, “మ్మా, మంచి పనయింది నువ్వు వచ్చింది. మూడు పెట్టెలకు ఝాన్సీ అని రాయమన్నాడు సార్. ఈ నాలుగోదానికి వేరే అడ్రసు ఇచ్చినాడు. నేనేమన్నా తప్పు సదివినానా సూడు,” అని మా ఆయన చేతిరాతతో ఉన్న చీటీ అందించాడు.

తప్పు లేదు. నాలుగో పెట్టె మీద ఊరి పేరు లేదు. ఆయన పేరు, నంబరు, దళం, ఒక సైనిక తపాలా నంబరు, అంతే. అంతకుముందు ఒకసారి ఆయన సరిహద్దు కొండల మీద ఉన్న రెండేళ్లూ నా చేత్తో నేను ఉత్తరాల మీద రాసిన నంబరు అదే. శత్రువుకు తెలియకూడదని ఊరి పేరు రాయనివ్వరు. ఆ తెల్లరంగు అక్షరాలు ఇంకా తడిగా ఉన్నాయి.

దాచడం ఎందుకు, ముందు నాకు ప్రాణం లేచి వచ్చింది. ఏ ఆడదీ లేదు. ఆ సంతోషం ఎంతసేపుందో చెప్పలేను, బస్టాండు చేరేలోపే పోయింది. సైకిలు, హిందీ, టెలిగ్రాం, నంబరు, అన్నీ వరుసగా అర్థమయ్యాయి. బంగారుపాళ్యం బస్సులో కాయల బుట్టల మధ్య నిలబడి, ఆ నంబరు లోలోపల చెప్పుకుంటూ ఇల్లు చేరాను. ఒక్క అంకె కూడా తప్పలేదు.

ఆయన తోటలో ఒంటరిగా ఉండగా వెళ్లి, నాలుగో పెట్టె చూశానన్నాను. చేతిలో ఉన్న కాయల బుట్ట కింద పెట్టారు. తర్వాత గట్టు మీద కూర్చుని చెప్పారు. దళం మళ్లీ కొండల మీదికి పోతోంది. అక్కడికి పెళ్లాం బిడ్డల్ని తీసుకెళ్లడానికి లేదు. అలాంటివాళ్ల కుటుంబాల కోసం ఝాన్సీలో విడిగా ఇళ్లిస్తారు. మమ్మల్ని అక్కడ దించి ఆయన పైకి వెళ్తారు.

“ఈడే ఉంటే కాదా మేము? కొత్తూర్లో, బాస రాని చోట, నేను ఒక్కదాన్నే…” అన్నాను.

“ఈడుంటే నువ్వు మా అమ్మ సాటున ఉంటావు. నాకేమన్నా అయితే నీకు వార్త వచ్చేది వారానికి, వచ్చినాక నీ గురించి మాట్లాడేది వీళ్లంతా, నువ్వు గాదు. ఆడైతే నీ కాళ్ల మీద నువ్వు నిలబడింటావు. పిలకాయలకు మంచి బడి ఉండాది.”

“నాకు ముందే సెప్పుంటే?”

“సెప్తే సైకిలెక్కేదానివా నువ్వు?”

కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది. ఒక్కటే అడిగాను, అత్తకు తెలుసా అని. నాయనకు చెప్పాను, అమ్మకు వద్దు, పోయినసారి నేను పైనున్నప్పుడు ఆమె అన్నం మానేసి మంచం పట్టింది కదా, మళ్లీ తట్టుకోలేదు అన్నారు. అంటే అర్థం ఏమిటంటే, కొడుకును ఎగరేసుకుపోతున్న కోడలిగానే నేను ఆ ఇంటి గడప దాటాలి. రెండు మాటలు చెబితే నా మీద పడిన నింద పోతుంది. ఆ రెండు మాటలు మింగేస్తానని నేనే ఒప్పుకున్నాను. ఒప్పుకుని, నా మంచితనానికి నేనే కొంచెం మురిసిపోయాను కూడా.

బయలుదేరే పొద్దున అత్త కొట్టంలో నుంచి బయటికి రాలేదు. పిల్లల్ని తీసుకుని నేనే వెళ్లి కాళ్లకు దండం పెడితే, పిల్లల నెత్తి నిమిరి, నా వంక చూడకుండా, “సుఖంగా ఉండుపో, నీకు కావాల్సింది దొరికింది గదా,” అన్నది. మామ కాట్పాడి స్టేషనుదాకా వచ్చి, రైలు కదిలేటప్పుడు ఆయన చెయ్యి కాకుండా నా చెయ్యి పట్టుకున్నాడు.

ఝాన్సీలో ఆయన మాతో ఉన్నది మూడు రోజులు. తర్వాత రెండేళ్లు ఆ ఇళ్ల వరుసలో నేనూ పిల్లలూ, మా లాంటి మరికొన్ని సంసారాలూ. సైకిలు మీద పిల్లల్ని బడికి దించాను, చిన్నవాడికి విషజ్వరం వస్తే ఆ నోటుపుస్తకం మాటలతోనే ఆసుపత్రిలో గదమాయించి మంచం సంపాదించాను. అత్తకు రాసే ఉత్తరాలు ఆయన కొండల మీది నుంచి నాకు పంపేవారు. నేను వేరే కవరులో పెట్టి ఝాన్సీ ముద్రతో ఊరికి వేసేదాన్ని. మామ వాటిని ఏమీ తెలియనట్టు చదివి వినిపించేవాడు. నడుమ ఆయనకు సెలవు దొరికితే ఝాన్సీకే వచ్చారు, పల్లెకు పోలేదు. నేనే రానివ్వలేదని అత్త ఊరంతా చెప్పుకుంది.

రెండేళ్లు నిండాక ఆయన కిందికి దిగారు, అందరం కలిసి ఊరికి వచ్చాం. గడప ముందు కాళ్లు కడుక్కోవడానికి అత్త చెంబుతో నీళ్లు తెచ్చి, కొడుకు కాళ్ల మీద తనే పోస్తానన్నది. ఆయన బూట్లు విప్పడానికి వెనకాడారు. విప్పక తప్పలేదు. ఎడమ కాలికి చివరి రెండు వేళ్లు లేవు. మంచుకు పోయాయి.

అత్త చెంబు కింద పెట్టి, ఆ పాదం రెండు చేతుల్లోకి తీసుకుని చూసింది. చదువు రాని మనిషే గానీ, ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. మామ వంక చూసింది, మామ తల దించుకున్నాడు. తర్వాత నా వంక చూసింది. క్షమించమంటుందని, అయ్యో నిన్ను ఎన్ని మాటలన్నానే అంటుందని నేను రెండేళ్లుగా ఎదురుచూస్తున్న ఘడియ అది.

“రెండేండ్లు నిన్ను తిట్టుకుంటా కూసున్నానే,” అన్నది. “ఆ రెండేండ్లూ నా బిడ్డ కోసం మొక్కుకునుందును గదే. ఆ పని గూడా నాకు లేకుండా సేసినారు మీరంతా కలిసి.”

తర్వాత ఆమె ఇరవై ఏళ్లకు దగ్గరగా బతికింది. నాతో ప్రేమగానే ఉంది, చివర్లో నా చేతి ముద్ద తప్ప తినేది కాదు. ఆ సంగతి మాత్రం మళ్లీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేకపోయాను.

ఇప్పుడు మేముంటున్న చిత్తూరు వీధిలో ఒక కుర్రవాడు సైన్యంలో ఉన్నాడు. సాయంత్రమైతే వాడి తల్లి ఫోను పట్టుకుని అరుగు మీద కూర్చుంటుంది. వాడు మంచులో నిలబడి తెరలో నవ్వుతుంటే ఈమె ఇక్కడ చెంగుతో కళ్లు తుడుచుకుంటుంది. చూసినవాళ్లు, పాపం, ఇదంతా తెలియకపోతేనే ఆమెకు నయం కదా అంటారు. ఒకప్పుడు మేమూ అదే అనుకున్నాం. కొడుకు ఏ కొండ మీద ఉన్నాడో ఆ తల్లికి తెలుసు, భయపడుతోంది, దీపం పెట్టుకుంటోంది, పొద్దునలేచి మళ్లీ ఫోను కోసం చూస్తోంది. మా అత్తకు మేము ఆ భయం కూడా దక్కనివ్వలేదు.