వెనక్కి తిప్పిన తేదీ

బ్రౌజర్‌లో భద్రతా హెచ్చరిక కనిపిస్తే ఇప్పటికీ నా చెయ్యి నుదుటి మచ్చ మీదికి పోతుంది.

ముదలియార్‌పేటలో నేను పనిచేసిన బియ్యం మండీ యజమాని, మా మొదలాళికి, మాటకన్నా ముందు చెయ్యి లేచేది. ఆయన విసుర్లకు ఎన్ని మౌసులు పగిలాయో! బ్యాంకు సైటు తెరిచినప్పుడల్లా, అది అసలైనదేనని చూపే సర్టిఫికెట్ చెల్లదని హెచ్చరిక వచ్చేది. "దొంగ నాయాళ్లు!" అని తెర మీద గుద్దేవాడు.

ఒకరోజు చూస్తే కంప్యూటర్‌లో తేదీ రెండేళ్లు వెనక ఉంది. ఆ లెక్కన సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు. తేదీ సరిచేశాను, హెచ్చరిక పోయింది.

"సైటు మంచిదే మొదలాళీ, మన తేదీయే తప్పు," అన్నాను గర్వంగా.

మధ్యాహ్నానికి సరుకు లెక్కల సాఫ్ట్‌వేర్ ఆగిపోయింది. నెల రోజులు ఉచితంగా వాడి చూడమని ఇచ్చిన సరుకది. కొనకుండా నడుపుకోవడానికి నెలనెలా తేదీని వెనక్కి తిప్పుతున్నది ఆయనే.

"ఎవుడ్రా తేదీ మార్చినోడు?"

నేనేనన్నాను. కీబోర్డు ఎత్తి నా ముఖాన కొట్టాడు. మీటలు ఊడి బియ్యంలో పడ్డాయి. నుదురు చిట్లి రక్తం కారుతుంటే తన తుండుగుడ్డతో తనే అదిమిపట్టాడు.

"నొప్పిగా ఉండాదా?"

"ఉండాది."

"సరే, తేదీ ఎనక్కి పెట్టు."

పెట్టాను. ఆయన బ్యాంకు సైటు తెరిచాడు.

"దొంగ నాయాళ్లు!" అని తెర మీద గుద్దాడు.