కొట్టేసిన ఎక్స్

మా ముత్తాతగారు కోనసీమలో నాలుగు ఊళ్ళకు కరణం. తాతగారు వీధిలో వస్తుంటే అరుగుల మీది వాళ్ళు లేచి నిలబడేవారు. ఉద్యోగం వెతుక్కుంటూ హైదరాబాదు వచ్చిన కొత్తలో నేను కూడా, ఎవరూ లేవకపోయినా లేచినట్టే భావించుకుని, మాదాపూర్ వీధుల్లో నిటారుగా నడిచేవాణ్ణి. (ఐటీ ఉద్యోగులు కొందరు నన్ను సెక్యూరిటీ అధికారి అనుకుని మెడలోని కార్డు తీసి చూపించేవారు.) "మనది పాఠం చెప్పించుకున్న వంశంరా, చెప్పుకుని బతికింది కాదు" అని నాన్నగారు అన్నా, ఉద్యోగం తప్పలేదు. రెండు ట్యూషన్ సెంటర్లు నా డెమో క్లాసు విని "కబురు చేస్తాం" అన్నాయి, చేయలేదు. మూడోది కొండాపూర్‌లో. అదీ పోతే తలవంచుకుని ఊరికి తిరిగి వెళ్ళడమే.

పదో తరగతి పిల్లలు పాతికమంది, వెనక బెంచీలో సెంటర్ నడిపే మేడం. పాఠం, వర్గ సమీకరణాలను కారణాంకాలతో సాధించడం. బోర్డు మీద x² = 9x అని రాసి, రెండు వైపులా ఒక్కో x కొట్టేసి, x = 9 అని దస్తావేజు మీద సంతకం పెట్టినంత ఠీవిగా ముగించాను. బోరబండ నుంచి వచ్చే ఒక అమ్మాయి లేచింది.

"సార్, x ని గట్ల కొట్టేయొద్దు సార్. అది సున్నా అయితే ఏంది?"

"సున్నాను మనం లెక్కలోకి తీసుకోమమ్మా."

"ఎందుకు తీస్కోం సార్? పెట్టి చూడుండ్రి. ఇటు సున్నా, అటు సున్నా. కరెక్టే కదా!"

"సారుకు సున్నా అంటే చిన్నచూపు రా" అన్నాడొకడు. క్లాసంతా నవ్వింది. మేడం నవ్వలేదు, ఏదో రాసుకుంది.

'మిమ్మల్ని పరీక్షించడానికే అలా రాశాను' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ అమ్మాయి ఇంకా నిలబడే ఉంది; తనే పొరపడ్డానేమో అన్న అనుమానం ఆమె ముఖంలో మొదలైంది. అది చూడలేక, "నువ్వన్నదే నిజం. తప్పు నాది" అన్నాను. (మా వంశంలో ఈ వాక్యం అంతకు ముందు ఎవరైనా పలికిన దాఖలా లేదు.) 9x ని ఇవతలికి తెచ్చి, x ని ఉమ్మడిగా బయటికి తీసి, x(x − 9) = 0 అని రాశాను. మూలాలు రెండు: సున్నా, తొమ్మిది.

క్లాసయ్యాక మేడం అంది: "రేపటి సంది రాండ్రి సారూ. మొన్న ఒకాయన గిదే తప్పు చేసి, అడిగిన పిల్లనే గదమాయించి కూసోపెట్టిండు. మీరు జర నవ్వుండ్రి, పిల్లలు పరేషాన్ అయితున్నరు."

ఇప్పుడు ఆ లెక్క వచ్చినప్పుడల్లా సున్నానే ముందు రాస్తాను. బిగదీసుకుని నిలబడ్డ అప్పటి నన్ను తలుచుకుని లోలోపల నవ్వుకుంటాను. ఆ రోజు ఉద్యోగం వచ్చిందని ఫోన్ చేస్తే నాన్నగారు "మంచిదిరా" అన్నారు. మాకు మిగిలిన రెండెకరాల కొబ్బరితోట అప్పులు తీర్చడానికి ఆ వారమే అమ్మేశాం.