తాత వీపుకు గజ్జి మందు

మా చిన్నప్పుడు... గోపాల్‌పేట దగ్గర మా ఊళ్లో, మా ఇంట్లో అందరం గోక్కుంటూనే మాట్లాడుకునేవాళ్లం. అన్నం తింటూ గోకుడు, ఎక్కాలు చదువుతూ గోకుడు. వేళ్ల సందుల్లో, మణికట్టు మీద, బొడ్డు చుట్టూ చిన్న చిన్న పొక్కులు... తమ్ముడికి చీము కూడా పట్టింది.

దాన్ని గజ్జి అంటారు. మా ఇంట్లో మాత్రం "వేడి చేసింది" అనేవాళ్లు. రెండేళ్లపాటు చేసిన వేడి...

అమ్మ వేపాకు, పసుపు నూరి పూసింది. కానుగ నూనెలో గంధకం కలిపి పూసింది. ఊళ్లో సూదులు వేసే ఆయన దగ్గరికి తీసుకెళ్తే, ఆయన మమ్మల్ని ముట్టకుండా దూరం నుంచే చూసి "రక్తం చెడింది" అన్నాడు. ఒకే ఇంట్లో అందరి రక్తం ఒకేసారి చెడింది మరి! ఆ తెలివికి సూదికింత అని తీసుకునేవాడు కూడా.

అసలు తప్పు మాదే. ఏ వారం ఎవరు ఎక్కువ గోక్కుంటే ఆ వారం వాళ్లకే మందు. నాకు తగ్గేసరికి తమ్ముడికి, తమ్ముడికి తగ్గేసరికి నాకు... పైగా చలికాలమంతా మేమిద్దరం తాత గొంగడి కిందే పడుకునేవాళ్లం. ఆ గొంగడిని ఉతకకూడదు.

"గొంగడిని నీళ్లల్ల ముంచుతరా ఎవరన్న? ఉన్ని ఖరాబైతది" అనేవాడు తాత. ఆయనకు గొంగడి మీద ఉన్న గౌరవం మా చర్మం మీద లేదు.

అప్పుడే నాకు గురుకులంలో ఐదో తరగతి సీటు వచ్చింది. మా ఇంట్లో మాకు ముందు బడి మొహం చూసినవాళ్లు లేరు. నాన్న పూణే వైపు వంతెన పనికి పోయి ఉన్నాడు. అమ్మే పెట్టె నెత్తిన పెట్టుకుని నన్ను తీసుకెళ్లింది.

వార్డెన్ మేడం నా వేళ్లు విడదీసి చూసింది. "గజ్జి తగ్గినంకనే తీస్కరా అమ్మా. ఈడ పిల్లలందరు పక్కపక్కనే పండుకుంటరు. పదిహేను దినాల్ల రాకుంటే సీటు ఇంకో పిల్లకు పోతది."

ఆ మాట, 'గజ్జి', మా మొహం మీద అన్న మొదటి మనిషి ఆమె. అమ్మ తిరుగు బస్సు దిగగానే సర్కారు దవాఖానకు నడిపించింది.

నర్సమ్మ తెల్లటి మందు సీసాలు ఇచ్చి చెప్పింది. "ఇంట్ల ఎందరుంటే అందరు, ఒక్కదినమే పూస్కోవాలె. మెడ కాడికెల్లి అరికాళ్ల దాంక. వారానికి మళ్లొకసారి. ఉతికేటియి ఉడకబెట్టుండ్రి, ఉతకరానియి సంచిల మూటగట్టి పది దినాలు ముట్టకుండ్రి. ఒక్కరు తప్పినా మళ్ల మొదటికొస్తది సూడు."

ఆ ఒక్కరు ఎవరో మీకు చెప్పనక్కర్లేదు.

"నాకు లేదు గజ్జి గిజ్జి" అన్నాడు తాత. "ఆడపోరి సదువు కోసం నేను అంగీ ఇప్పి మందు పూస్కోవాల్నా? నలుగురు నవ్వరా?" అంటూనే ద్వారబంధానికి వీపు రాస్తున్నాడు, ఎద్దు గుంజకు రాసుకున్నట్టు.

మా వైపు కోడలు మామకు ఎదురుపడి మాట్లాడదు. అమ్మ కొంగు కప్పుకుని తలుపు చాటు నుంచి నాతో అంది. "తాతకు జెప్పు బిడ్డా, అందరు పూస్కోవాల్నంట."

"తాతా, అందరు..."

"ఇన్న. లేదని జెప్పు మీ అమ్మకు."

బారెడు దూరంలో ఉన్న మనుషులకు నా నోటితో కబుర్లు! ఎంత మర్యాద, ఎంత మర్యాద... గజ్జి పురుగుకు మాత్రం కోడలూ లేదు, మామా లేదు. అందరినీ సమానంగా తొలిచింది.

అమ్మ తలుపు చాటు నుంచి బయటికి వచ్చింది. "పూస్కోకుంటే పోరగాండ్లను దీస్కొని మా అమ్మగారింటికి పోత మామా. నువ్వొక్కనివే కూసొని గోక్కో." జవాబు కోసం ఆగలేదు. గొంగడిని యూరియా సంచిలో కుక్కి మూతి బిగించి కట్టింది.

తాత పీట లాక్కుని కూర్చుని అంగీ విప్పాడు. కోడలు ముట్టకూడదు కాబట్టి మందు నేనే పూశాను.

వీపు నిండా పాత మచ్చలు, వాటి మీద కొత్త పుండ్లు. నడుము దగ్గర చర్మం నల్లబడి చెప్పు తోలులా మందమైంది. ఎన్నేళ్ల నుంచి దాచాడో... ఆడపిల్లకు చదువెందుకనే మనిషి నన్ను ఆపింది మాటలతో కాదు, మాకు గజ్జి అంటిస్తూ వచ్చిన ఈ వీపుతో అనిపించింది. జాలి కలిగిందని రాస్తే బాగుంటుంది గానీ అది అబద్ధం. అసహ్యం కలిగింది.

"మండుతున్నదా తాతా?"

"లేదు" అన్నాడు. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి.

కావాలనే ఇంకాస్త రుద్ది పూశాను.

పన్నెండో రోజున వార్డెన్ మేడం నా చేతులు వెలుతురులో తిప్పి తిప్పి చూసి, రిజిస్టర్‌లో పేరు రాసుకుంది.

ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లో ఉంటున్నాను. మొన్న మా పక్కింటి పాప వేళ్లు గోక్కుంటుంటే, ఇది గజ్జి, ఇంట్లో అందరూ మందు పూసుకోవాలని వాళ్లమ్మకు చెప్పాను. "మా ఇంట్ల గసుంటియి రావు మేడం, మేము రోజు షాంపూ స్నానం చేపిస్తం" అంది. సూది వేసే ఆయన పోయాడు గానీ ఆ తెలివి మాత్రం బతికే ఉంది. ఫోన్‌లో చూసి ఏదో క్రీము తెప్పించింది, ఒక్క పాపకే.

తాత లేడు. అమ్మ ఇప్పుడు ఎవరి ముందూ తలుపు చాటున నిలబడదు. ఇంటికి వెళ్తే నలుగురికీ నాలుగు మంచాలు, నాలుగు దుప్పట్లు... ఎవరి వీపు ఎలా ఉందో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలని ఒక్కోసారి అనిపిస్తుంది, అడగడానికి సిగ్గు.

మీ ఇంట్లో మందు పూయించుకోనని మొండికేసిన పెద్దమనిషి ఎవరు? పేరు వద్దు... వరుస చెప్పండి చాలు.