ఎవరి గింజలు వాళ్లవే

కనక చేట పట్టిందంటే ముంచింగిపుట్టు సంత మొత్తం అటే ఒరిగేది. నోట్లో నిప్పు లోపలికి పెట్టిన అడ్డపొగ చుట్ట, ఒళ్లో చేట. సోది అడగొచ్చినవాళ్లు గుప్పెడు బియ్యం అందులో పోస్తే, చెరిగి, గింజలు పడ్డ తీరు చూసి చెప్పేది. ఊళ్లో కబుర్లంటే చెవి కోసుకునే మనిషే! కానీ చేటలో తేలింది మాత్రం అడిగినవాళ్ల చెవిలోనే వేసేది. ఆ నోటికి అంత గట్టి తాళం ఎవరు వేశారో ఆ కొండదేవతకే తెలియాలి.

మన్యంలో తెల్లదొరల మీద లేచిన పితూరీ సద్దుమణిగిన మరుసటి ఏడు, ఒక సంతనాడు గాసి రొప్పుతూ వచ్చాడు. కూతురు సోములమ్మకి పెదబయలులో సంబంధం ఖాయం చేశాడు. పిల్ల ఇంకెవరితోనో వెళ్లిపోయేలా ఉందని అతని అనుమానం.

"అప్పా, ఇవి మా గుంట సెరిగిన బియ్యం. దాని సెయ్యి పడ్డవే. ఆడెవడో బేగి సెప్పు!"

కనక చేట ఒళ్లోకి లాక్కుంది. వాడెవడో ఆమెకి తెలుసు. కిందటి సంతకి సోములమ్మే వచ్చి గింజలు పోసి, బుధు పేరు చెప్పింది. సాలూరు నుంచి ఉప్పు కావిడితో అతను తిరిగొచ్చేదాకా ఎవరికీ చెప్పొద్దని చేతులు పట్టుకుంది. ఈలోపు పేరు బయటపడిందా, గాసి పిల్లని ఆ పూటే పెదబయలు పంపేస్తాడు.

జనం మూగారు. "సెప్పవే కనకా, సెప్పు!" అని ఒకటే గోల.

"బియ్యం తెచ్చిన సెయ్యి నీది తమ్ముడా, అడిగిన నోరూ నీదే. ఈ సేట నీ సంగతే సెప్తాది," అంటూ కనక చేట చెరిగి, గింజల మీదికి వంగింది. "అబ్బో! ఏటేటో కనపడతంది. అందరి ముందూ సెప్పీమంటావా?"

గాసి మొహం పాలిపోయింది. ఒక్క ఉదుటున చేట మీద రెండు చేతులూ కప్పేశాడు. జనం పగలబడి నవ్వారు.

"సూశావా! నీ గుట్టు నీకెంతో, గుంట గుట్టు గుంటకీ అంతే."

అప్పుడే ఉప్పు కావిళ్లు సంతలోకి దిగాయి. ముందు నడుస్తున్నది బుధు! కనకకి కేక వెయ్యాలన్నంత సంబరం వచ్చినా, పెదవి కొరుక్కుని ఊరుకుంది. సోములమ్మ జనాన్ని తోసుకొచ్చి చేటలో గుప్పెడు బియ్యం పోసింది.

"అత్తా, ఇవి నా గింజలు. అందరికీ ఇనపడేలా సెప్పు!"

కనక గింజల వైపు చూడనైనా లేదు. చేట తీసి పిల్ల చేతుల్లో పెట్టింది.

"నోరుంది కదే. నువ్వే సెప్పు."

"బుధు!" అని సోములమ్మ అరిచిన అరుపుకి అతను కావిడి దించడం కూడా మరిచి పరుగెత్తుకొచ్చాడు.

కనక మాత్రం ఆ పేరు అప్పుడే మొదటిసారి విన్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఓలమ్మో!" అంది.