విసుర్రాయి దగ్గరి అక్క

మాదాపూర్‌లో అద్దాల ఆఫీసుల వెనక ఒక పాత దొర బంగళా ఉంది. దానికి కాపలా ఉన్న అక్క మొన్న సోమవారం దవాఖానలో పోయింది. ఆమెను దయ్యాల ముసలమ్మ అన్నవాళ్లు చాలామంది. వాళ్లు చదవాలనే ఇది రాస్తున్నాను. నేను తాపీ మేస్త్రిని, నాలుగో తరగతి దాటలేదు. తప్పులుంటే మీరే దిద్దుకోండి.

ఆ బంగళా కట్టిన రోజుల్లో చుట్టూ జామతోటలు, బండరాళ్లు తప్ప ఏమీ లేవట. దొర, దొరసాని పోయారు. వారసులు తాళం వేసి ఎటో వెళ్లారు. అక్క మాత్రం వెనక వంటింట్లో ఉండిపోయింది. మిట్టమధ్యాహ్నం లోపల విసుర్రాయి తిరుగుతుందనీ, తిప్పేది దొరసాని దయ్యమనీ టీ కొట్టు దగ్గర రోజూ చెప్పుకునేవాళ్లు.

ఆరేళ్ల కింద ప్రహరీ గోడ కూలితే కట్టమని వారసులు నాకు కబురు పెట్టారు. "దయ్యమా? నా తాపీ చూస్తే అదే ఉరుకుతది" అని టీ కొట్టు దగ్గర గొప్పలు పోయాను. రెండో రోజే, నీళ్ల కోసం వెనక వాకిట్లోకి పోతే గరగరమని చప్పుడు. చెప్పులు అక్కడే వదిలి పరుగెత్తాను. కాసేపటికి అక్క వాటిని పట్టుకొని గేటు దాకా వచ్చింది.

"ఏం మేస్త్రి, నీ తాపీని చూసి నువ్వే ఉరికినవా?"

తల కొట్టేసినట్టయింది. లోపలికి తీసుకుపోయి చూపించింది. విసుర్రాయి. గింజ లేదు, పిండి లేదు.

"దొరసాని ఎందుకు తిరుగుతది? కడుపునిండ తిని మంచం మీద పోయింది. మా అవ్వది వెట్టి. జొన్నలు ఒడిసేదాక లేవొద్దని హుకుం. ఇసిరి ఇసిరి ఈడనే ఒరిగింది."

చచ్చినా వాళ్లమ్మ ఇంకా విసురుతూనే ఉందని అక్క నమ్మకం. ఆమెకు జర ఆసరా అని, రోజూ అన్నం తినేముందు అక్క ఉత్త రాయి తిప్పేది. "నువ్వు కూసో అవ్వా, నేనున్న గద" అనేది. నాకు నవ్వు రాలేదు.

గోడ పని అయిపోయినా అటు పోతే అక్కడే తినేవాణ్ణి. నా టిఫిను మూతలో అడగకుండానే పచ్చిపులుసు పోసేది. "ఇసిరింది మా అవ్వ, పేరు దొరసానిది. బతికినప్పుడు గంతే, సచ్చినంక గంతే" అనేది. ఆ ఒక్క మాటకే ఆమె గొంతు గట్టిపడేది.

దవాఖానలో నా చెయ్యి పట్టుకుంది.

"నేను పోతే అవ్వకు ఎవరున్నరు, తమ్మీ?"

"అది ఆడోళ్ల పని అక్కా. నేను మొగోణ్ణి."

"చెప్పులిడిసి ఉరికిన మొగోనివి" అని నవ్వి, గోడవైపు తిరిగింది. ఆ మరునాడే పోయింది. అంత మాట ఎందుకన్నానో నాకే తెలియదు.

దవాఖానకు పోతూ అక్క నా చేతికిచ్చిన వంటింటి తాళంచెవి, దహనం అయ్యాక నా దగ్గరే ఉండిపోయింది. నిన్న మధ్యాహ్నం పోయాను. గడప బయట చెప్పులు విప్పి, విసుర్రాయి ముందు కూర్చున్నాను. కర్రపిడి ఆమె పిడికిలి పట్టేంత మేర అరిగి ఉంది. జన్మంతా రాళ్లు మోసినవాణ్ణి, ఇరవై చుట్లకే భుజం పట్టేసింది.

గోడ అవతల నుంచి పక్క ఆఫీసు సెక్యూరిటీ అతను అరిచాడు: "దొరసాని లేచిందిరో!"

"దొరసాని కాదుర! అక్క వాళ్ల అవ్వ!" అని నేనూ అరిచాను.

మళ్లీ పిడి పట్టుకున్నాను. ఏమనాలో తెలియక అక్క మాటే అందుకున్నాను.

"మీరిద్దరు జర కూసోండ్రి. నేనున్న గద."